చేరిందని రాసి ఉన్న ట్యాంకర్

“మీ కోడ్‌లో తప్పుందా, లేదా? అదొక్కటి చెప్పండి మేడమ్” అని అధికారి అడిగారు.

లేదని ప్రొఫెసర్ చెప్పారు. ఇంకేదో చెప్పబోయారు. అధికారి చెయ్యెత్తి ఆపి, పక్కన టైపు చేస్తున్న గుమాస్తాతో “తప్పు లేదు” అని రాయించారు.

సంగారెడ్డిలో ఓ ప్రభుత్వ కార్యాలయం మొదటి అంతస్తులో జరిగిన విచారణ అది. గదిలో పదిహేను మందికి మించి లేము. ఒకవైపు మందుల ఫ్యాక్టరీ వకీలు, ఇంకోవైపు కర్దనూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక రైతు. నలభై రోజుల కింద ఆ రైతు తమ్ముడు బావిలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫ్యాక్టరీ ట్యాంకర్ రసాయనాల నీళ్లు వాగులో పారబోసిందని, అవి కాలువ వెంట తమ బావిలోకి చేరాయని, ఆ ఆవిరికే తమ్ముడు పోయాడని రైతు ఫిర్యాదు. ట్యాంకర్ వాగు ముఖమే చూడలేదని, నీళ్లన్నీ శుద్ధి కేంద్రానికి చేరాయని ఫ్యాక్టరీ జవాబు. గోడకున్న తెర మీద ఆ ట్రిప్పు పచ్చరంగులో కనబడుతోంది. బయలుదేరింది, చేరింది, పూర్తయింది.

వకీలు ఫైల్లోంచి ఇంకో కాగితం తీశారు. మా పత్రిక జిల్లా పేజీ క్లిప్పింగ్.

“ఇది మా మాట కాదు సార్. ఈ జిల్లాల ముప్పై ఏండ్లు పనిచేసిన రిపోర్టర్ రాసిండు” అని చదివి వినిపించారు. “ఇకపై ట్యాంకర్ దారి తప్పితే దాచడం ఎవరి తరమూ కాదు.”

నేను వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఆ వాక్యం నాదే. ఒకరిద్దరు తిరిగి చూశారు. వాళ్లలో రైతు కూడా ఉన్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. తాము రాసిన వార్తతో మంత్రి దిగిపోయిందీ, రోడ్డు పడిందీ చెప్పే పెద్దలు మీకు చాలామంది దొరుకుతారు. నా దగ్గరా అలాంటివి ఒకటి రెండున్నాయి. కానీ రిటైరయ్యాక పొద్దున పేపరు విప్పగానే నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ క్లిప్పింగే.

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో మందులు తయారయ్యాక మిగిలే నీళ్లను ట్యాంకర్లలో శుద్ధి కేంద్రానికి తీసుకుపోవాలి. ఎన్ని బయలుదేరాయి, ఎన్ని చేరాయి అన్నది ఈ ప్రాంతంలో పాత తగాదా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లెక్కంతా చీటీల మీద నడిచేది. నాలుగు రంగుల చీటీలు. పోగొట్టాలనుకుంటే పోయేవి, దిద్దాలనుకుంటే దిద్దేవారు. వాగు నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా పారేవి. చీటీలు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి.

అలాంటి చోటికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ పరిశోధన బృందం వచ్చింది. దాన్ని నడిపే ప్రొఫెసర్‌ది ఇక్కడి ఊరే. తండ్రి కోస్తా నుంచి వచ్చి ప్రభుత్వరంగ కర్మాగారంలో చేరి, భానూర్ దగ్గర స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో మాటే నిలబడింది, ప్రతి వాక్యం చివరా ‘అండి’ పలికేది. కొన్ని ఫ్యాక్టరీలు కలిసి పెట్టుకున్న ఒక చిన్న శుద్ధి కేంద్రం, అక్కడికి నీళ్లు పంపే ఒక మందుల ఫ్యాక్టరీ ఆమె ప్రయోగానికి ఒప్పుకున్నాయి.

ఆమె పని స్మార్ట్ కాంట్రాక్టుల మీద. నాకు అర్థమయ్యేదాకా మూడుసార్లు చెప్పించుకున్నాను, మీకు ఒకసారి చెబుతాను. ఇద్దరి మధ్య ఒప్పందాన్ని కాగితం మీద కాకుండా కోడ్‌గా రాస్తారు. ఆ కోడ్‌ను ఏ ఒక్కరి చేతిలోనో ఉంచరు, ఒకే పుస్తకం నకళ్లు అందరి దగ్గరా ఉన్నట్టు చాలా కంప్యూటర్లలో ఉంచుతారు. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. షరతు నెరవేరితే ఒప్పందం దానంతట అదే అమలవుతుంది. ఒకసారి అందులో పడిన గీతను తర్వాత ఎవరూ చెరపలేరు.

ఇక్కడ షరతులు మూడు. ఫ్యాక్టరీ దగ్గర మీటరు చూపినన్ని నీళ్లు కేంద్రం దగ్గర మీటరు చూపాలి. ట్యాంకర్‌లో పెట్టిన డబ్బా, అంటే దారి చూపే పరికరం, అనుకున్న దారిలోనే రావాలి. అనుకున్న సమయంలో చేరాలి. మూడూ కుదిరితే ట్రిప్పు పూర్తయినట్టు పడుతుంది. ఒక్కటి తప్పినా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర తర్వాతి ట్యాంకర్‌కు అనుమతి రాదు. ఫోను చేసి బతిమాలడానికి అవతల మనిషి ఉండడు.

ఈ రంగంలో పరిశోధన ఎక్కువగా కోడ్ చుట్టే తిరుగుతోందని ఆమె అప్పుడే చెప్పారు. పెట్టాక దిద్దడం కష్టం కాబట్టి పెట్టకముందే తప్పులు పట్టాలి. తప్పులు వెతికే సాధనాలు చాలా వచ్చాయి గానీ, అవి ఉన్న తప్పును వదిలేయడమూ ఉంది, లేని తప్పు చూపడమూ ఉంది. అందుకని ఆమె విద్యార్థులు ఇంకో మెట్టు ఎక్కి, తమ కోడ్ రాసిన షరతులను ఎప్పుడూ మీరదని లెక్క గట్టి నిరూపించారు. ఇద్దరు పిల్లలు ఏడాదిన్నర దానిమీదే కూర్చున్నారట. ఆ నిరూపణ కాగితాలు నాకూ చూపించారు. అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాని వాటి మీద గౌరవం ఎక్కువ కలుగుతుంది. విలేకరికి అది పనికిరాని గుణం.

ప్రారంభం రోజు శుద్ధి కేంద్రం దగ్గర టెంట్ వేశారు. ఉపన్యాసాలు సాగుతుంటే నేను నా అలవాటు కొద్దీ గేటు దగ్గరికి నడిచాను. అక్కడ అరవైకి దగ్గరపడిన ఒక ఉద్యోగి స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ గేటు అతనిదే. ట్యాంకర్ రాగానే కట్టెకు గుడ్డ కట్టి, పై మూత తీసి ముంచి, వాసన చూసి రిజిస్టర్‌లో టిక్కు పెట్టేవాడు. ఉత్తరాది డ్రైవర్లు అతన్ని ‘నాక్‌వాలా’, అంటే ముక్కాయన, అని ఆటపట్టించేవారు. ఆ రోజు నుంచి కట్టె లేదు, రిజిస్టర్ లేదు.

ఇక పని తేలికైంది కదా అన్నాను.

“తేలికే సార్. మీటరు సూస్కుంటదట అన్నీ. గని మీటరుకు బోరు నీళ్లయినా ఒకటే, మందు నీళ్లయినా ఒకటే. నాకైతే గుడ్డ దగ్గరికి తెస్తెనే కండ్లు మండుతుండె.”

మరి ఆ మాట పైవాళ్లకు చెప్పలేదా అని అడిగాను.

“ఎవలకు చెప్పాలె? రిజిస్టరే తీస్కపోయిండ్రు.”

వెనక్కి వెళ్లి ఆమెను అడిగాను. ఆమె దాటవేయలేదు. నీళ్ల ఘాటును కొలిచే సెన్సర్ కూడా పెట్టి చూశారట. ఆ నీళ్లు దాన్ని రెండు వారాలు కూడా నిలవకుండా తినేశాయట. గట్టిది దొరికాక నాలుగో షరతుగా చేరుస్తామన్నారు. వాసన చూసే పద్ధతి ఉంచవచ్చు కదా అంటే, మనిషి మాట మీద నడిచేచోటే ఇంతకాలం మోసం దూరిందని, ఆ సందు మూయడమే తమ ఉద్దేశమని చెప్పారు. అదీ నిజమే అనిపించింది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

గేటు ఉద్యోగి మాటలు రాశాను. రాయలేదని ఎవరూ అనలేరు. పన్నెండు లైన్ల పేరా రాసి, వార్తకు చిట్టచివర పెట్టాను. జిల్లా పేజీ ఎలా తయారవుతుందో మీకు తెలుసు. సాయంత్రం ఏ శ్రద్ధాంజలి ప్రకటనో వస్తుంది, చోటు చాలదు, సబ్ ఎడిటర్ వార్తను కింద నుంచి కోస్తాడు. కోసుకోవడానికి వీలుగానే మనం ముఖ్యమైనది పైన, మిగతాది కింద రాస్తాం. చివరి పేరా ఉండేదా పోయేదా అన్నది ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి తెలియకపోదు. పైన పెడితే వార్త ఊపు పోతుంది. అసలు పెట్టకపోతే నా మనసు ఒప్పదు. అందుకని చివర పెట్టాను. ఆ సాయంత్రం ప్రకటన వచ్చింది. సబ్ ఎడిటర్ తన పని తాను చేశాడు. శీర్షిక కూడా ఆయనే బలంగా పెట్టాడు. మర్నాడు ప్రొఫెసర్ ఫోన్ చేసి చాలా బాగా రాశారండి అన్నారు. నేనూ సంతోషపడ్డాను.

ఏడు నెలల తర్వాత పటాన్‌చెరు కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. పొద్దంతా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి మిగతా సమయంలో వార్తలు పంపే మనిషి. మాటలు తక్కువ. “అన్నా, బాయిల మనిషి పోయిండు. వాసనొస్తుంది. నువ్వు రా” అని పెట్టేశాడు.

మేం వెళ్లేసరికి శవాన్ని పోస్టుమార్టంకు తీసుకుపోయారు. బావి చుట్టూ తాడు కట్టి ఉంది. పది అడుగుల దూరంలోనే గొంతులో గరగర మొదలైంది. వాగు నుంచి ఆ బావికి సన్నటి కాలువ ఉంది. ఎండలు ముదిరినప్పుడు వాగు నీళ్లు మళ్లించుకుని బావి నింపుకోవడం అక్కడ మామూలే. వాగు గట్టు మీద పెద్ద బండి వెనక్కి వచ్చి తిరిగిన టైర్ల జాడ, దాని కింద గడ్డి మాడిపోయిన చార కనబడ్డాయి.

పోయినవాడు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద షిఫ్టు చేస్తూ, మిగతా పూట అన్నతో కలిసి కూరగాయలు పండించేవాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అన్న మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వద్దంటే వినలేదు. కేకలు లేవు, ఏడుపు లేదు. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి మాట అరిగిపోయినట్టు చెప్పాడు.

“మోటర్ నీళ్లు గుంజుతలేదని దిగిండు సార్. సగం మెట్ల కాడ కూసున్నడు. అలిసిండనుకున్న. నేను ఇంకో పది మొక్కలకు మట్టి ఎగదోసిన. పిల్సిన. పల్కలే.”

తాను దిగబోతే చుట్టుపక్కల వాళ్లు నడుం పట్టుకుని ఆపారట. తాడుకు కొక్కెం కట్టి లాగారట.

పోలీసులు ప్రమాదవశాత్తు మృతి అని రాసుకున్నారు. ఊపిరాడక పోయాడని పోస్టుమార్టం చెప్పింది. ఏ గాలికి ఊపిరాడలేదో చెప్పాలంటే ఆ బావిలో ఏం కలిసిందో తేలాలి. ఏం కలిసిందో తేలాలంటే ఎవరు పారబోశారో తేలాలి. ఆ వారంలో ఆ దారిన వచ్చిన ట్యాంకర్లు ప్రయోగానికి ఒప్పుకున్న ఆ ఒక్క ఫ్యాక్టరీవే. అన్నకు కావలసింది ఒకే మాట. తమ్ముడు తన తప్పుతో బావిలో పడలేదు, ఇది వచ్చి చంపింది అని కాగితం మీద రావాలి. ఆ మాట వస్తే ఇద్దరు ఆడపిల్లలకు వాళ్ల నాన్న ఎలా పోయాడో చెప్పవచ్చు, కేసూ నిలబడుతుంది. రాకపోతే అజాగ్రత్తగా దిగి పోయినవాడుగానే మిగులుతాడు.

విచారణ గదిలో ఆ మాట రాలేదు. వచ్చింది పచ్చరంగు తెర, దాని పక్కన నా క్లిప్పింగ్.

గది బయట వరండాలో రైతు నా దగ్గరికి వచ్చాడు.

“గది రాసింది నువ్వేనా సార్?”

నేనే అన్నాను.

“మా బాయి కాడ కూసొని చాయ్ తాగినవ్ గద. అప్పుడు చెప్పకపోతివి.”

 ఆ రోజు చెప్పే సందర్భం కాదనుకున్నాను అని ఏదో అన్నాను. ఆయన మెట్లు దిగి బస్టాండ్ దిక్కు వెళ్లిపోయాడు. తిట్టలేదు.

ప్రొఫెసర్ ఇంకా మెట్ల మీదే ఉన్నారు. లాప్‌టాప్ సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నారు.

“ఆయన అడిగిందానికి నేను అబద్ధం చెప్పలేదండి. కోడ్‌లో తప్పు లేదు. కానీ మా నిరూపణ మొదట్లో ఒక లైను ఉంటుంది. బయటి నుంచి వచ్చే సమాచారం నిజమేనని అనుకుందాం, అని. ఈ రంగంలో అందరం ఆ లైను రాస్తాం. రాసేసి లోపలి లెక్కల్లోకి వెళ్లిపోతాం.”

ఆ లైను మీద పనిచేసేవాళ్లు లేరా అని అడిగాను. ఉన్నారట. ఒక మీటరును నమ్మకుండా నాలుగైదు మీటర్ల మాట కలిపి చూడటం, అబద్ధం చెప్పిన పరికరాన్ని పక్కన పెట్టడం, ఇలా చాలా ప్రయత్నాలు జరుగుతున్నాయట. కానీ మీటర్లన్నీ కలిసి నిజాయతీగానే నీళ్లను కొలిచి, అవి ఏ నీళ్లో చెప్పలేనప్పుడు ఏం చేయాలో తనకు తెలియదన్నారు. సంచి భుజానికి తగిలించుకుని నావైపు తిరిగారు.

“మీ దగ్గర ఆ గేటు ఆయన మాటలున్నాయి కదండి? నన్ను అడిగారు మీరు. మరి వార్తలో లేవే?”

చివరి పేరా సంగతి చెప్పాను. ఆమె తల ఊపి మెట్లు దిగారు. 

తర్వాతి విచారణకు నేనూ కంట్రిబ్యూటర్ కలిసి గేటు ఉద్యోగిని బతిమాలి తీసుకెళ్లాం. అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అప్పుడప్పుడూ బోరు నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయని, నీళ్లు దింపేటప్పుడు వాసన లేకపోవడంతోనే తనకు తెలుస్తుందని అన్నాడు. తమ్ముడు పోయిన రోజు వచ్చిన ట్యాంకర్ అలాంటిదేనా అని వకీలు అడిగారు.

“ఏ రోజని చెప్పాలె సార్? రాసుకునేతందుకు నా తాన ఏమున్నది?”

రాత లేని మాటగా అది నమోదైంది. వారం తిరక్కుండా అతన్ని గేటు నుంచి తీసి తోటపనికి వేశారు. దారిలో కనబడితే, “ఇప్పుడు పూల వాసన సూస్తున్న సార్” అని నవ్వాడు. ఆ నవ్వుకు నేను తిరిగి నవ్వలేకపోయాను.

అసలు ఏం జరిగిందో కంట్రిబ్యూటర్ తేల్చాడు. ఇస్నాపూర్ దగ్గర ఒక చాయ్ హోటల్లో బీహార్ డ్రైవర్ ఒకతన్ని మూడు రోజులు వెంటపడి మాట్లాడించాడు. నాకు దూరంగా కూర్చుని వినే అవకాశం దొరికింది. “డబ్బా దూస్రీ గాడీ మే థా సాబ్” అన్నాడతను. దారి చూపే డబ్బాను అసలు ట్యాంకర్‌లోంచి తీసి, బోరు నీళ్లు నింపిన ఇంకో ట్యాంకర్‌లో పెట్టేవారు. ఆ బండి చెప్పిన దారిలో, చెప్పిన సమయానికి, చెప్పినన్ని నీళ్లతో కేంద్రానికి పోయేది. అసలుది వాగు గట్టు మీద వాల్వు విప్పేది. తెల్లారకముందే పని అయిపోయేది. పాత పద్ధతిలో ఇది కుదిరేది కాదు, గుడ్డ ముంచితే తెలిసిపోయేది. ఎవరు చేయమన్నారంటే ట్యాంకర్ల కాంట్రాక్టర్ అన్నాడు. కాంట్రాక్టర్‌కు ఎవరు చెప్పారంటే చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. పేరు రాయొద్దన్నాడు, సంతకం పెట్టనన్నాడు. నాలుగు రోజులకు అతని ఫోను మూగబోయింది. ఊరికి వెళ్లిపోయాడని తోటి డ్రైవర్లు చెప్పారు.

నేను రెండో వార్త రాశాను. ఈసారి గేటు ఉద్యోగిని మొదటి పేరాలో పెట్టాను. బ్యూరో ఇన్‌ఛార్జ్ నాకన్నా పదేళ్లు చిన్న. చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివి, తల గోక్కున్నాడు.

“అన్నా, రికార్డును కాదని రాయాలంటే మనకొక రికార్డు కావాలె గదా. డ్రైవర్ లేడు. ముసలాయన తాన రాత లేదు. ఆళ్ల తానేమో చెరపరానిదుంది. అది చెరపరానిదని రాసింది గూడ మనమే.”

 చివరకు ‘బావి మృతిపై అనుమానాలు’ అని ఒక చిన్న సింగిల్ కాలమ్ వచ్చింది. డబ్బా మార్చిన సంగతి అందులో లేదు. మొదటి వార్తకు ఇచ్చిన చోటులో ఆరో వంతు కూడా కాదు. క్లిప్పింగ్ పట్టుకుని రైతు దగ్గరికి వెళ్లాను. ఆయన చూసి, మడిచి నా చేతికే ఇచ్చాడు. పిల్లలకు సదువొస్తది సార్, ఇది ఇంట్ల ఉంచను అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో చాలా మంది మాట్లాడారు. కంట్రిబ్యూటర్ మాట్లాడలేదు. బయటికొచ్చాక, పోనీ తియ్ అన్నా, అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పుగా అన్నాడో, ఇంకోలా అన్నాడో నేను అడగలేదు.

కుర్ర విలేకరులు ఎవరైనా ఇంటికొస్తే ఒకటే చెబుతాను. పెద్ద చదువుల వాళ్లు మీకేదైనా వివరిస్తే శ్రద్ధగా వినండి, వాళ్లు సాధారణంగా అబద్ధం చెప్పరు. తర్వాత ఆ గది దాటి, వాళ్లు తీసేసిన పని అంతకుముందు ఎవరు చేసేవారో వెతకండి. దొరికిన మాటను పైన రాయండి. వార్త కాస్త పాడైతే పాడవనీయండి.

ప్రొఫెసర్ ఊరుకోలేదు. పరిశోధన పత్రంలో ఆ కేసును ఊరూ పేరూ లేకుండా తమ పద్ధతి వైఫల్యంగా రాసుకున్నారు. అలా రాసుకునేవాళ్లు ఆ రంగంలో తక్కువని విన్నాను. పాత గీతను చెరపలేరు కాబట్టి, దాని కింద దిద్దుబాటు గీత ఒకటి చేర్చవచ్చునని కనిపెట్టారు. ‘ఈ ట్రిప్పులో బయలుదేరిన నీళ్లు కేంద్రానికి చేరలేదు’ అన్న ఒక్క వాక్యం. అది పడితే, ఆధారం లేదని మూసేసిన ఫిర్యాదును మళ్లీ తీస్తామని అధికారి కూడా రాసిచ్చారు. అయితే ఎవరూ ఒంటరిగా రికార్డును తారుమారు చేయకూడదని ఆమె బృందమే మొదట్లో ఒక నియమం పెట్టింది. ఏ దిద్దుబాటుకైనా కాలేజీ, ఫ్యాక్టరీ, శుద్ధి కేంద్రం మూడూ డిజిటల్ సంతకం పెట్టాలి.

కాలేజీ సంతకం పడింది. మిగతా రెండూ ఈ రోజుకీ పడలేదు.